టెస్టువారి అమ్మాయి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇంజనీరింగు అప్పుడే పూర్తయింది, తెనాలిలో ఒక చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, మెడలో ఐడీ కార్డు పడింది (ఆదివారం కూరగాయల మార్కెట్టుకి కూడా అది వేసుకునే వెళ్ళేవాణ్ణి). ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే కాస్త ఆలోచించి చెబుతాను. అప్పట్లో అడగకముందే చెప్పేవాణ్ణి.

కంపెనీ అంటే ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు. మా సార్, బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే సీనియర్ ఒకావిడ (బాపట్ల అక్క అనేవాళ్ళం), మరికొందరం. కల్యాణమండపాల బుకింగుకు సాఫ్ట్‌వేరు తయారుచేసి, మొట్టమొదట రేపల్లెలో ఒక మండపానికి ఇచ్చాం. దాని యజమానిని ఊరంతా బాబాయ్ అంటుంది కాబట్టి మేమూ బాబాయ్ గారనే అనేవాళ్ళం. ఆయనకు నచ్చితే చుట్టుపక్కల మండపాలన్నీ మావే, నచ్చకపోతే ఆ రెండు గదులూ ఖాళీ చేయడమే. సాఫ్ట్‌వేరులో ఏ చిన్న మార్పు చేసినా, తేదీ ఎంచుకుని, వధూవరుల పేర్లు కొట్టి, అంతా సరిగ్గా పనిచేస్తోందా లేదా అని నేను మొదటినుంచీ చేత్తో పరీక్షించాలి. ఆ విసుగులో ఒకరోజు, "సార్, దీన్ని ఆటోమేషన్ చేద్దామండి. కంప్యూటరే పరీక్షించుకుంటుంది" అన్నాను.

టూల్స్ చూసి చెప్పమన్నారు సార్. రెండు చూపించాను. మొదటిదానికి అన్నీ మనమే కోడ్ రాసివ్వాలి. రెండోది మనం ఎక్కడెక్కడ నొక్కామో రికార్డు చేసుకుని, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అదే చేస్తుంది. సార్ ముఖం వెలిగిపోయింది. "ఏవయ్యా, ఒక్కసారి చేసి చూపిస్తే చాలా? మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదా? మా ఇంట్లో కూడా ఒకటి పెట్టకూడదూ!"

"ఏ టూలైనా సరే గానీ సార్, ముందు బాబాయ్ గారి అసలు బుకింగుల జోలికి పోకుండా వేరే కాపీ పెట్టుకోవాలండి" అంది బాపట్ల అక్క.

"తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు సార్. నాకూ తర్వాతే బాగుందనిపించింది, ఎందుకంటే ఆ కాపీ ఎలా పెట్టాలో నాకు తెలియదు, తెలియదని చెప్పే అలవాటూ లేదు.

మర్నాడు రికార్డింగుకు కూర్చున్నాను. వరుడి పేరు దగ్గర నా పేరే కొట్టాను. వధువు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. తెలిసిన ఏ అమ్మాయి పేరు రాసినా గొడవే. చివరికి 'టెస్టు కుమారి' అని కొట్టాను. పెళ్ళివారి ఫోన్ నంబరు ఇవ్వనిదే పని ముందుకు కదలదు, నాకు కంఠతా వచ్చిన నంబరేమో చెరుకుపల్లిలో ఉన్న మా అమ్మది ఒక్కటే. బుకింగు కాగానే పెళ్ళివారికి వెళ్ళే మెసేజీలు ఎవరో ఆపేసే ఉంటారనుకున్నాను (అనుకోవడంలో నాకు నేనే సాటి). శ్రావణమాసంలో ఖాళీగా ఉన్న ముహూర్తాలన్నీ వరసగా బుక్ చేసుకుంటూ పొమ్మని దానికి అప్పగించి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తెరనిండా ఆకుపచ్చ టిక్కులు. సార్ భుజం తట్టారు. ఆ చెయ్యి ఇంకా భుజం మీద ఉండగానే నా ఫోన్ మోగింది. మా మేనమామ.

"ఒరేయ్, టెస్టువాళ్ళు ఏ ఊరివాళ్ళురా?"

"ఏ టెస్టువాళ్ళు మావయ్యా?"

"నటించకు. మీ అమ్మ ఫోనుకి మెసేజీల మీద మెసేజీలు. ఇంటిపేరు టెస్టు, పిల్ల పేరు కుమారి. మనవైపు టెస్టువారని ఎవరూ లేరే! మేం రేపల్లె బస్సెక్కాం. నువ్వూ రా."

అది పెట్టేయగానే సార్ ఫోన్ మోగింది. బాబాయ్ గారి గొంతు గదంతా వినిపించింది. "శ్రావణమంతా ఒక్క జంటే పెళ్ళి చేసుకుంటుందేంటండి? ఇక్కడ ఆడపిల్ల తండ్రి ఒకాయన డేటు కోసం వచ్చి కూర్చున్నాడు. సాయంత్రంలోగా సరిచేస్తారా, మీ సరుకు మీరు పట్టుకుపోతారా?"

సార్ తలుపు వైపు చూశారంతే. నేను రేపల్లె రైలెక్కాను.

మండపం ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో అమ్మా, మావయ్యా కాఫీ తాగుతున్నారు. ఎదురుగా బాబాయ్, పక్కన ఆ ఆడపిల్ల తండ్రి. చెంప పగులుతుందనుకుంటూ లోపలికి వెళితే, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎవరైతే ఏంలే నాన్నా. చదువుకున్న పిల్లేనా? చెప్పుంటే మేమే వెళ్ళి మాట్లాడేవాళ్ళం కదా."

"అదేనమ్మా నేనూ అంటున్నది" అన్నాడు బాబాయ్. "ఏదో ఒక ముహూర్తం ఉంచుకుని మిగతావి వదిలేయండి."

"టెస్టు కుమారి అని ఎవరూ లేరమ్మా. కంప్యూటర్ని పరీక్షించడానికి పెట్టిన పేరది."

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే, అమ్మాయి లేదా?" అన్నాడు.

"లేదు."

"మరి నువ్వు?"

"నేను ఉన్నాను మావయ్యా."

ఇక ఒక్కొక్క పెళ్ళీ రద్దు చేయడం మొదలుపెట్టాను, చేత్తోనే (ఏ పని తప్పించుకుందామని ఇదంతా చేశానో ఆ పనే). రద్దు చేసినప్పుడల్లా అమ్మ ఫోన్ టింగుమనేది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "మీ వివాహం రద్దయినది, చింతిస్తున్నాము" అని పైకి చదివేది. మావయ్య ప్రతిసారీ నా వీపు నిమిరి, "పోనీలేరా, ఇంతకన్నా మంచి సంబంధం వస్తుంది" అనేవాడు. ఆఫీసు నుంచి బాపట్ల అక్క ఫోన్ చేసి, "మెసేజీలు ఆపకుండానే రద్దు చేస్తున్నావా?" అనేసరికి శ్రావణం దాదాపు ఖాళీ అయిపోయింది.

ఆడపిల్ల తండ్రికి కోరిన ముహూర్తం దొరికింది. బాబాయ్ శాంతించి, "మిగతా సంగతి ఎలా ఉన్నా, మీ మెసేజీలు మాత్రం టక్కున పోతున్నాయబ్బాయ్" అన్నాడు. మా కంపెనీకి దక్కిన మొదటి ప్రశంస అదే. మర్నాడు సార్ మారుమాట లేకుండా వేరే కాపీ పెట్టించారు, అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ రాసే టూలే నేర్పింది. ఇవాళ తింటున్న అన్నం ఆ విద్యదే.

పెళ్ళిళ్ళన్నీ రద్దయిన ఆ సాయంత్రం, రేపల్లె బస్టాండులో చెరుకుపల్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ నెమ్మదిగా అంది. "నవ్వుతావేమో గానీ, వస్తున్నంతసేపూ ఆ పిల్లకి ఏ రంగు చీరైతే బాగుంటుందా అని ఆలోచించానురా."

ఏ రంగు అనుకున్నావమ్మా అని అడగాలి కదా. అన్నీ తెలిసిన ఆ కుర్రవాడికి ఆ మాట తట్టలేదు. అంతలో ఆలస్యంగా వచ్చిన మెసేజీ ఒకటి మళ్ళీ టింగుమంది.

"ఆ ఫోన్ సైలెంట్‌లో పెట్టమ్మా" అన్నాడు.