గుండీ చక్రాల విమానం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం ఆరాధన ముగిసి, జనం భోజనాలకు వెళ్లాక, శంషాబాద్ దగ్గర మా చర్చి హాలులో ఒక విమానం ఎగిరింది. సన్నని వెదురు పుల్లలు, చీర ప్యాకెట్టు కవరు, ఎలాస్టిక్ లోంచి లాగిన రబ్బరు పోగులు... అంతే విమానం. చేసింది నేను. అప్పుడు ఆరో తరగతి.

ఆ రోజు అది ఎగరకపోతే పాత సామాన్ల బండికి వెళ్లేది. అమ్మ అలా తేల్చి చెప్పింది.

మా ఇంట్లో రెండు పనులు నడిచేవి. నాది విమానం, మా అన్న సామ్యేల్‌ది జేసీబీ. ఎయిర్‌పోర్టు రోడ్ల పనికి పోయే యంత్రాలను రోజూ చూసి, సూదుల్లేని సిరంజీలు, సెలైన్ గొట్టం, అట్టముక్కలతో అన్న ఒకటి తయారు చేశాడు. ఒక సిరంజీ నొక్కితే నీళ్లు గొట్టంలోంచి వెళ్లి రెండో సిరంజీని తోస్తాయి... జేసీబీ చెయ్యి పైకి లేస్తుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే చెయ్యి వణుకుతుంది. ఆ బుడగ కనపడాలని నీళ్లలో నీలిమందు కలిపేవాడు.

మావి రెండే గదులు, అవీ కిరాయివి. అమ్మ కుట్టుమిషన్ ఒక గదిలో సగం ఆక్రమించేది. ఒకరోజు ఎవరిదో తెల్ల లంగా మీద నీలిమందు చుక్కలు పడ్డాయి. అదే రోజు ఎలాస్టిక్ చుట్ట సగమైందని కూడా అమ్మ కనిపెట్టింది.

"ఇల్లా, కార్ఖానానా ఇది? నా ఇంట్ల రెండు దుకాణాలు నడ్వయి. ఐతారం చర్చిల చూస్త. ఏది పని చేస్తే అది ఉంటది. ఇంకోటి బండికేస్త."

"మరి ఓడిపోయినోళ్లు?" అన్నాడు అన్న, నా వైపే చూస్తూ.

"గెలిసినోళ్లకు సాయం జెయ్యాలె. ఊకె కూసునుడు లేదు."

చర్చి హాలే ఎందుకంటే... పైన విమానాలు దిగే దారి కాబట్టి, ఎగిరేదేదీ బయట వద్దని మాకు ముందు నుంచీ చెప్పారు. గాలిపటమైనా అంతే.

అన్న జేసీబీ అప్పటికే ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి చింతగింజలు ఎత్తిపోసేది. నా విమానం ఒక్కసారి కూడా నేల వదల్లేదు. కోటు గుండీలు మూడు తెచ్చి దానికి చక్రాలు పెట్టాను. ప్రొపెల్లర్ తిప్పి, రబ్బరు మెలిపెట్టి, బండల మీద వదిలేదాన్ని. కాస్త దూరం ఉరికి ఆగిపోయేది... చేత్తో గాల్లోకి వదలాలన్న ఆలోచనే రాలేదు. మేం చూసిన విమానాలేవీ ఎవరి చేతిలోంచీ ఎగరలేదు మరి.

శనివారం సాయంత్రం చూస్తే చక్రాలు లేవు.

"అన్నా, నా చక్రాలేవి?"

"జేసీబీకి పెట్టిన. నీది ఎట్లనో ఎగరది కదనే."

"అమ్మా, జూడే అన్న!"

"రేపటిదాంక నాకేం జెప్పకుండ్రి. జర కుట్టుకోనియ్యండ్రి."

ఆదివారం అమ్మే ఫ్యాన్లు ఆపింది. ముందు జేసీబీ. చింతగింజలు ఒక్కటి కూడా కింద పడలేదు. "మంచిగ చేసినవ్ రా" అంది అమ్మ.

తర్వాత నా వంతు. నేల మీద పెడితే, చక్రాలు లేక ప్రొపెల్లర్ బండలకు తగిలి ఆగిపోయింది. మళ్లీ మెలిపెట్టాను. ఈసారి తగలకుండా తల ఎత్తున పట్టుకుని వదిలేశాను.

అది కింద పడలేదు.

మెల్లగా పైకి లేచింది. ఎడమకు తిరిగింది. ఫ్యాన్ల కింద నుంచి, కిటికీల పక్క నుంచి ఒక చుట్టు వచ్చి, ఆడవాళ్లు కూర్చునే జంపఖానా మీద దిగింది. రబ్బరు విడివడే టకటక తప్ప చప్పుడు లేదు...

దాని దగ్గరికి ముందు ఉరికింది నేను కాదు, అన్న.

"ఇంకోపారి వదులు" అన్నాడు. మళ్లీ ఎగిరింది. అన్న తన జేసీబీని తిరగేసి గుండీలు ఊడబెరికాడు. "గిప్పుడు ఇవి పెట్టి వదులు. లేకుంటె ఎట్ల తెలుస్తది?"

గుండీలు పెట్టి చేత్తోనే వదిలాం. ముక్కు కిందికి వేసి పడింది. తీసి వదిలాం... ఎగిరింది. గుండీల బరువే దాన్ని ఎగరనివ్వలేదని తేలిపోయింది.

"ఇగ చెప్పుండ్రి. రెండూ పని చేస్తున్నయి. ఏది ఉంచాలె?" అంది అమ్మ.

నేను నోరు తెరిచేలోపే అన్న అన్నాడు. "ఇదే ఉంచమ్మా. జేసీబీ ఎట్ల లేస్తదో నాకెర్కే. ఇది ఎందుకు లేసిందో ఇంకా తెల్వది."

సోమవారం బండి వచ్చింది. జేసీబీని అన్నే తీసుకెళ్లి ఇచ్చాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి వచ్చాక, రెక్క ఇంకా పెద్దది చేద్దామన్నాడు.

ఇప్పుడు అన్న బడంగ్‌పేట్‌లో ఉంటాడు. ఈ మధ్య కూతురు స్టెల్లా కోసం రెండు పెట్టెలు తెప్పించాడు. ఒకదాంట్లో రబ్బరుతో ఎగిరే విమానం, ఇంకోదాంట్లో నీళ్లతో పనిచేసే జేసీబీ. ముక్కలు కోసే వస్తాయి. ఎలా అతికించాలో ఫోన్‌లో వీడియో చూపిస్తుంది. తప్పు చేసే సందు ఎక్కడా ఉండదు... ఒకటే ఉంచుకో, రెండోది వాపస్ పంపుతానన్నాడట. అచ్చం అమ్మ మాటే.

స్టెల్లా విమానం ఉంచుకుంది. వీడియో మాత్రం చూడలేదు. మొన్న వెళితే, పాత బొమ్మ కారు చక్రాలు పీకి విమానానికి అతికిస్తోంది.

"ఇవెందుకే?" అన్నాను.

"చక్రాలు లేకుంటె ఎట్ల ఉరుకుతది అత్తా? ఉరకకుంటె ఎట్ల ఎగురుతది?"

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను.

మీ ఇంట్లో రెండిట్లో ఒకటే ఉంచుకోమన్నప్పుడు మీరేది ఉంచారు, బండికి ఏది ఎక్కింది... రాయండి, చదవాలని ఉంది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అదే హాలులో ఫ్యాన్లు ఆపుతారు. స్టెల్లా తన విమానాన్ని బండల మీద పెట్టి వదులుతుంది. మేమిద్దరం వెళ్తున్నాం. తనకు ఇంకా ఏమీ చెప్పలేదు.