ఒక చీనీ ఆకు, రెండు మీసాలు

ఆ రోజుల్లో మా వైపు ఊర్లల్లో ఒక పార్టీ పెద్దమనిషి వీడియోలో కొంచెం తక్కువ కనపడితే, అది కెమెరా తప్పని ఎవురూ అనుకునేటోళ్లు కాదు. తీసినోడు అవతలి పార్టీవాడనుకునేటోళ్లు. నేనప్పుడు ప్రొద్దుటూరులో పెళ్లిళ్ల వీడియోలు తీసే అంగట్లో పని చేస్తాంటి. (తలంబ్రాలు తియ్యడంలో నన్ను మించినోడు లేడని ఒకరు అనుకుంటాండ్రి, ఆ ఒకరూ నేనే.) జమ్మలమడుగులో చీనీ (బత్తాయంటారే, అదే) రైతుల సదస్సు తీసి నెట్లో పెట్టే పని మా ఓనరుకు తగిలింది. చెట్ల తెగులు గురించి ఒక సైంటిస్టు మాట్లాడతాడంట. వేదిక మీద మాత్రం, నిన్నటిదాంకా ఒకరి ఊర్లో ఒకరు కాలుపెట్టని రెండు పార్టీల పెద్దమనుషులు పక్కపక్కన కూర్చుంటారంట.

పులివెందుల దగ్గర వేములలో మా మామకు చీనీతోట. ఆకులు పసుప్పచ్చగా తిరుగుతాండాయి. సదస్సుకు రా మామా అంటే, "ఏ పార్టీ జీపెక్కినా రెండోవాళ్లకు కోపమే, నేను రాను. ఏ చెట్టుకు మందు కొట్టాలో, ఏది పీకాలో ఆయప్ప ఆకులు చూపిచ్చి చెప్తాడంట. నువ్వు బాగా తియ్యి అల్లుడా, ఫోన్లో చూసుకుంటా" అన్న్యాడు. "నాకొదిలెయ్ మామా" అంటి, శానా ధీమాగా.

బయల్దేరేటప్పుడు మా ఓనరు తన వాచీ తీసి నా చేతికి కట్టినాడు. "ఇద్దరూ సమానంగా రావాలరా. నిమిషం తేడా వచ్చినా మన అంగడికి అద్దాలుండవు." సైంటిస్టు మైకు పట్టుకున్న్యాడు, నేను వాచీ చూసుకుంటి. నిమిషం ఎడమపక్క పెద్దమనిషి మీసం, నిమిషం కుడిపక్కాయన మీసం. ఒకాయన దగ్గితే, రెండో ఆయన దగ్గేదాంకా కాచుకోని అదీ తీస్తి. వెనక తెరమీద ఏందో పచ్చగా, పసుప్పచ్చగా మారుతాండ్య. దాన్ని తీస్తే ఆ నిమిషం ఏ పార్టీ కింద పోతాది చెప్పండి?

వీడియో చూసి రెండు పార్టీలోళ్లూ శభాష్ అన్న్యారు. అద్దాలు మిగిల్నాయి. నాలుగు రోజులకు మామ ఫోను. "ఏందప్పా ఇది! ఆకు ఇట్లుంటే మందు చాలు, అట్లుంటే పీకెయ్యండి అంటాండాడు ఆయప్ప. చూస్తే మీసాలు! ఏ మీసానికి మందు కొట్టాల, ఏ మీసం పీకాల?"

సిగ్గుతో సచ్చినంత పనయింది. పరిగెత్తుకుంటా వేములకు పోయి, సంచిలో ఆకులేసుకోని సైంటిస్టు దగ్గరికి పోతి. ఆయన చూసి, "వీటికి మందు చాలు గదా" అన్న్యాడు. అప్పటికే మామ అందాజుగా ఒక వరస చెట్లు పీకేసినాడు.

ఇప్పుడు ఎవురు పిలిచినా ముందు మాట్లాడేటాయన చొక్కాకు మైకు తగిలిస్తా, ఒక కెమెరా వెనక తెరవైపే తిప్పి కదలకుండా పెడ్తా. పెద్దమనుషులు మిగిలిన టయంలో. మామ ఏటా కాయలు పంపిస్తా, "మీసాలు మాత్రం బలే వచ్చినాయిలేరా" అంటాడు. దగ్గు కోసం వాచీ చూసుకుంటా కాచుకున్న ఆ పిచ్చోన్ని తల్చుకోని నేనూ నవ్వుతా. ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉండారు. మామ తోటలో ఆ వరస మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.