డొక్కలో దాచుకున్న నొప్పి

నా చిన్నప్పుడు ఒకసారి పది రోజులు దాటినా జ్వరం విడవలేదు. మాది ఎడపల్లి. మూడో తరగతి చదువుతున్నాను. మెడకు రెండు వైపులా చింతగింజల్లాంటి గడ్డలు చేతికి తగిలేవి. మా నాయనమ్మ అవి గవద బిళ్ళలని తేల్చేసి, తన బంగారు గొలుసు తీసి నా మెడలో వేసింది. మా వైపు గవద బిళ్ళలకు అదే మొదటి మందు.

"బంగారం తాకితే దిగుతయి. ఊకె పిసుక్కోకు," అంది.

అవి దిగలేదు. పైగా ఎడమ పక్కటెముకల కింద ఏదో గట్టిగా, బరువుగా అనిపించసాగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు ఏడాది మా చిన్నాన్న కొడుక్కి అక్కడే ఉబ్బితే, కడుపులో బల్ల అనే గడ్డ పెరిగిందని పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి పొట్ట మీద వాతలు పెట్టారు. వాడి కాళ్లు పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

చెబితే వాత. చెప్పకపోతే లోపల అది పెరుగుతూనే ఉంది. స్నానం నేనే చేస్తానని మొండికేసేదాన్ని. ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా గోడకు అతుక్కుపోయేదాన్ని. రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, ఇంట్లో అలిగాననుకున్నారు.

చివరికి బాపు అని పిలిచే మా నాన్న నన్ను బోధన్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. నాయనమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ మెడ, చంకలు, గజ్జలు తడిమింది. పొట్ట మీద చెయ్యి వేయగానే ఊపిరి బిగబట్టాను.

"ఏం బిడ్డా, కడుపు బండ లెక్క జేసినవ్? నాతోని కుస్తీ పడ్తవా?"

నేను నవ్వలేదు. నాయనమ్మ వైపు చూశాను. ఆ చూపు డాక్టరమ్మ కంట పడింది. పెద్దవాళ్లిద్దరినీ బయట కూర్చోమని తలుపు వేసి, రెండు అరచేతులు నా ముందు చాపింది.

"సూడు, నా చేతుల ఏం లేదు. సూది గిప్పుడు ఇయ్య. నిన్ను పట్టుకొమ్మని ఎవరికీ చెప్ప. ఇగ చెప్పు, ఏం జేస్తరని భయం?"

"వాత," అన్నాను.

"నేను పెట్టనియ్య," అంది. అప్పుడు నేనే ఆమె చెయ్యి పట్టుకుని నా ఎడమ డొక్క మీద పెట్టాను. ఊపిరి గట్టిగా పీల్చమంది. పీలుస్తుంటే లోపలి గట్టి అంచు ఆమె వేళ్లకు తగిలింది.

మావాళ్లు బల్ల అనేది ప్లీహమని, అది ఉబ్బిందని బాపుతో చెప్పింది. గవద బిళ్ళలైతే దవడ దగ్గర వాస్తుందట. మలేరియానో, టైఫాయిడో, క్షయో, వైరస్ జ్వరమో, ఎప్పుడో ఒకరికి రక్తంలో జబ్బో, ఏదైనా కావచ్చునంది. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ రాసింది. ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా, నేను బరువు తగ్గానా అని అడిగింది. నాయనమ్మ వాత మాట ఎత్తబోతే డాక్టరమ్మ ఆపింది.

"అవ్వా, కాలిస్తే పైన తోలు కాలుతది. లోపలి జబ్బుకు ఏం ఎరుక?"

నాది వైరస్ జ్వరమని తేలింది. కొన్నాళ్లు దూకొద్దన్నారు, పొట్టకు దెబ్బ తగలనీయొద్దన్నారు. వారాలు గడిచాక అన్నీ తగ్గాయి.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాం. మా అయిదేళ్ల పాప మెడలో గడ్డలున్నాయి. పరీక్షల ఫలితాలు రేపు వస్తాయి. ఏ ఆలోచన మొదలుపెట్టినా అక్కడికే వచ్చి ఆగిపోతోంది. అయినా ఈ సాయంత్రం, ఎక్కడ నొప్పి అని అడగడానికి ముందు, నేనేం చెయ్యనో పాపకు చెప్పాను. అరవను, ఏడవను, అబద్ధం చెప్పను అన్నాను. పాప చాలాసేపు నా ముఖంలోకి చూసి, మెల్లగా చెయ్యెత్తి చంక చూపించింది. అక్కడా ఒకటి ఉంది. రేపు డాక్టరుకు మొదట చెప్పాల్సింది అదే.