కాలవ కింద నా సొరంగం

మా ఊరికీ సముద్రానికీ మధ్య పడవలు తిరిగే ఉప్పు కాలవ ఉండేది. తాగే నీళ్ళు అవతలి గట్టున, ఇసుక దిబ్బల చెలమల్లో దొరికేవి. ఆడవాళ్ళు రోజూ బల్లకట్టు దాటి వెళ్ళి బిందెలు నింపుకొచ్చేవారు. మా ఆవిడ పుట్టిల్లు సంగం. పెన్న నీళ్ళు తాగి పెరిగిన మనిషి. తొలి కాన్పుకు వెళ్ళి, బిడ్డకు మూడో నెల నిండినా రాలేదు. కార్డు మాత్రం వచ్చింది. "చంకలో బిడ్డ, నెత్తిన బిందెతో బల్లకట్టు ఎక్కడం నా వల్ల కాదు. వాకిట్లో తియ్య నీళ్ళు చూపించండి, క్రిస్మస్‌కు వస్తాను. లేకుంటే ఇక్కడే ఉంటాం."

నేను టైలర్ని. అయిదో తరగతితో బడి మానేసినా, పంచాయతీ గ్రంథాలయంలో మూడు బీరువాలుంటే రెండున్నర చదివేసినవాణ్ణి. రెండో బీరువాలో, ఇంగ్లండులో ఒక నది కింద తొలి సొరంగం తవ్విన కథ ఉంది. తర్వాత దాంట్లో రైళ్ళే నడిచాయి. ఓడ చెక్కను తొలిచే పురుగు, తొలిచినంత మేరా గోడ కట్టుకుంటూ పోవడం చూసి ఆ ఇంజనీరుకు ఉపాయం తట్టిందట. ఈ సంగతి పడవలవాళ్ళకు చెప్పాను.

"ఆ పురుగు మా పడవలు మూడు తినేసింది. మాకే ఉపాయమూ తట్టలేదే!" అన్నారు.

నది కింద రైలే పోతే, మా కాలవ కింద ఒక గొట్టం పోదా? అవతలి చెలమ నీళ్ళు మా వాకిట్లోకి రావా? బావులు దింపే మేస్త్రీని పిలిపించి పుస్తకం తెరిచి చదివి వినిపించాను. ముందు గట్టున నిలువు దారి కావాలి. నేల మీదే గుండ్రంగా గోడ కట్టి లోపలి మట్టి తోడుతూ ఉంటే, అది తన బరువుకు తానే దిగుతుంది.

"మా తాత చేసిన పనే గదా అబ్బయా ఇది? దీనికి ఇంగ్లండు దాకా పోవాల్నా?" అన్నాడు మేస్త్రీ.

కాలవ గట్టునే ఉన్న మా పెరడు ఇసుక మెరక. అక్కడ ఎవరూ బావి తవ్వి చూడలేదు. గుండ్రటి గోడకు బదులు సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చి దించడం మొదలుపెట్టాం. మూడో ఒర బిగుసుకుపోయింది.

"బరువు చాలదు. నువ్వు పైన కూర్చో అబ్బయా. ఆ పుస్తకం గూడా ఒళ్ళో పెట్టుకో."

కూర్చున్నాను. ఒర దిగింది. పుస్తకం మహిమ అని నేను, నా బరువని అతనూ వాదించుకున్నాం. నాలుగో ఒరకు నీళ్ళు పడ్డాయి. మేస్త్రీ దోసిట్లో పట్టి తాగి కేకేశాడు.

"కొబ్బరి నీళ్ళు అబ్బయా! ఆపేద్దాం."

"ఆపడమేంటన్నా? ఇది బావి కాదు, సొరంగానికి దారి. కాలవ అడుగుకంటే కిందికి దిగాలి."

"నీకు కావాల్సింది నీళ్ళా, సొరంగమా?"

"సొరంగంలోంచి వచ్చే నీళ్ళు!"

అతను తలపాగా బిగించి మళ్ళీ దిగాడు. ఆ సాయంత్రమే నేను సంగానికి కార్డు రాశాను: నీళ్ళు పడ్డాయి, బయలుదేరు. ఇంకో రెండు ఒరలు దిగాక మేస్త్రీ దోసిట్లో పట్టి, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇంకేం, ఊరగాయ పెట్టుకో."

ఇసుకలో వాన నీళ్ళు పైన తేలుతాయనీ, లోతుకు పోతే కింది ఉప్పు నీళ్ళు ఎగదన్నుతాయనీ అతను చెప్పాడు. ఆ సంగతి మూడో బీరువాలో నేను చదవని సగంలో ఉంది. తర్వాత వెళ్ళి చూశాను.

కార్డు వెనక్కి రాదు. రెండు ఒరల లోతూ మళ్ళీ ఇసుకతో పూడ్చాం.

"తవ్వమన్నోళ్ళను చూసినా గానీ, తవ్వించి పూడ్చమన్నోణ్ణి నిన్నే చూసినా," అంటూనే గంపలెత్తాడు మేస్త్రీ. రోజూ ఉప్పు నీళ్ళు తోడి పారబోశాం. ఊరంతా వచ్చి తలో గుక్కా రుచి చూసి, తలో తీర్పూ చెప్పి పోయేది.

క్రిస్మస్‌కు ముందు రోజు మా ఆవిడ బిడ్డతో బండి దిగింది. ట్రంకుపెట్టె దించనివ్వలేదు. నిలబడే బావి నీళ్ళ గ్లాసు ఖాళీ చేసింది. నా గుండె ఆ గ్లాసు అడుగునే ఉంది.

"కొంచెం ఉప్పు తగల్తా ఉంది," అంది. మళ్ళీ అడిగి తాగింది. "పర్వాలేదులే. కూరల్లో తగ్గిస్తా. పెట్టె దించండి, బిడ్డకు నీళ్ళు కాచాల."

నేను పెట్టె దగ్గరికి పరిగెత్తాను.

"ఇంతకీ సొరంగం తవ్వుతున్నారని దారిలో అందరూ చెప్పినారే, యాడుంది?"

బావి దగ్గరున్న మేస్త్రీ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"దాన్ని పూడిస్తేనే గదమ్మా, నీళ్ళు బాగుపడినాయి!"