నలత సారు

మా కాలేజీలో విద్యార్థుల క్షేమం కోసం ఒక కొత్త పాఠం పెట్టారు. దాన్ని చెప్పే పని నా మీద పడింది. నేను కామర్సు చెబుతాను. తరుగుదల, నష్టం, దివాలా నా రంగం. ఆ ఏడాది నాకు వారంలో కొన్ని గంటలు ఖాళీగా మిగిలాయి. మా ప్రిన్సిపాల్ దృష్టిలో ఖాళీగా ఉన్న మనిషికీ సుఖంగా ఉన్న మనిషికీ పెద్ద తేడా లేదు. "మీ ముఖం ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుంది కదా, మీరే తగినవారు," అన్నారాయన. అది ప్రశాంతత కాదు, వేలూరు ఎండకు ముఖం కదపడం తగ్గించుకున్నాను అని చెప్పేలోపలే టైంటేబుల్లో నా పేరు ఎక్కేసింది.

శిక్షణ కూడా ఇచ్చారు. పెద్ద హాల్లో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని లోపలికి చూసుకోమన్నారు. చూసుకున్నాను. భోజనం ఎప్పుడు పెడతారో అన్న ఆలోచన ఒకటి కనిపించింది. తర్వాత, మనిషి బతకడమే కాదు, వికసించాలి అన్నారు. నా పక్కనున్న ఫిజిక్సు ఆయన అప్పటికే నోరు తెరుచుకుని వికసిస్తున్నాడు. సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు పంచారు. ఆ విధంగా నేను క్షేమంలో నిపుణుణ్ణి అయ్యాను.

క్లాసు మొదలైంది. మొదటి రోజు, మీకు నిజంగా ఆనందం కలిగించేది ఏది అని అడిగాను. "బస్సులో సీటు దొరికేది సార్," అన్నాడు ఒడుగత్తూరు నుంచి రోజూ నిలబడి వచ్చే విద్యార్థి. ఇంకా లోతైన ఆనందం ఏదైనా ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "కిటికీ పక్క సీటు," అన్నాడు. నేను ముందుకు సాగిపోయాను.

ఆ పాఠానికి ఇంగ్లీషులో చాలా పొడుగు పేరుంది. అది టైంటేబుల్ గడిలో పట్టలేదు. అందుకని ఆఫీసువాళ్ళు తమిళంలో 'నలం' అని వేశారు. తమిళంలో నలం అంటే బాగుండటం, క్షేమం. మంచి మాట, పైగా చిన్న మాట, గడిలో ఇమిడింది. చిక్కల్లా ఏమిటంటే, వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళం చాలామందిమి ఉన్నాం. తరతరాలుగా ఇక్కడే ఉన్నాం. మాట్లాడతాం గానీ చదవలేం. చిత్తూరులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసిన పుణ్యాన నాకు మాత్రం అక్షరాలు పట్టుబడ్డాయి. ఒకసారి ఉత్సాహం పట్టలేక బోర్డు మీద తెలుగులో 'శ్రేయస్సు' అని రాశాను. "ముగ్గు బాగుండాది సార్," అన్నారెవరో వెనక బెంచీ నుంచి, చక్కటి తెలుగులో.

తెలుగులో నలత అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఒంట్లో బాగా లేకపోవడం. అంటే, ఒక భాషలో బాగుండటానికీ ఇంకో భాషలో బాగా లేకపోవడానికీ మధ్య దూరం ఒక్క అక్షరం. ఈ సంగతి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు చెప్పలేదు.

ఆ క్లాసులో గుడియాత్తం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. మొదటి సంవత్సరం. మోర్ధానా ఆనకట్టకు పోయే దారిలో వాళ్ళ ఊరు, వ్యవసాయం చేసే ఇల్లు. ముందు బెంచీలో కూర్చుని, నేను చెప్పేదంతా నిజమేనని నమ్ముతున్నట్టు వినేది. నాకు కాస్త కంగారుగా ఉండేది. వాళ్ళింట్లో ఆడపిల్ల గుడియాత్తం దాటి చదువుకు రావడం అదే మొదలు. ఆ ఇంట్లో మాట చెల్లేది వాళ్ళ అవ్వది. అవ్వ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: బిడ్డ ఒంటికి ఏమన్నా అయితే ఆ రోజుతోనే చదువు బంద్. షరతులో అన్యాయం ఏమీ లేదు. మా వైపు ఎవరైనా వేలూరికి పోయినారంటే చదువుకని ఎవరూ అనుకోరు. పెద్దాసుపత్రిలో ఏ వార్డు అని అడుగుతారు.

నేను పిల్లలకు ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది, మనసులో ఏదైనా భారం ఉందా అని అడగండి, మీ సంగతీ చెప్పండి అన్నాను. దీనివల్ల కుటుంబ బంధాలు గట్టిపడతాయని శిక్షణలో చెప్పారు.

ఆ తర్వాత ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. నలం క్లాసుకే కాదు, ఏ క్లాసుకూ రాలేదు. వారం చూసి, అదే బస్సులో వచ్చే ఆమె స్నేహితురాలిని అడిగాను.

"అది ఇంక రాదు సార్. చదువు నిలిపేసినారు."

"ఎందుకమ్మా?"

"మీ వల్లే సార్," అంది, కోపమేమీ లేకుండా, బస్సు ఎందుకు లేటయిందో చెప్పినంత మామూలుగా.

ఆ స్నేహితురాలు చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇదీ. అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికి వచ్చి, అవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, మాకు నలం క్లాసు పెట్టినారు," అంది. అవ్వకు తమిళం రాక కాదు. గుడియాత్తం సంతలో ఆమె తమిళంలో బేరం మొదలుపెడితే అంగళ్ళవాళ్ళు ముందే ధర తగ్గించుకుంటారట. కానీ గడప దాటి లోపలికి వచ్చాక ఆమెవి తెలుగు చెవులు.

"నలత క్లాసా! ఎవురికి?"

"అందరికీ అవ్వా."

"అందరికీనా!"

"ఆమా. సరి, నువ్వు చెప్పు. నీకు నిద్ర బాగా పడతా ఉండాదా? ఆకలి అవతా ఉండాదా? ఇంట్లో వాళ్ళని అడగమన్నాడు మా సారు."

వేలూరు. నలత. అందరికీ. ఇంట్లోవాళ్ళకు కూడా పాకిందేమో కనుక్కోమన్నారు. అవ్వ ఆలోచనలో నేను ఒక్క మెట్టు కూడా తప్పు పట్టలేను. మర్నాడు పొద్దున బస్సు పోయింది, అమ్మాయి పోలేదు. నాకేమీ లేదు, బాగుండాను అని అమ్మాయి ఏడ్చి చెప్పినా, నలత ఉండే బిడ్డలందరూ ఆ మాటే చెప్తారు అని అవ్వ తేల్చేసింది.

ఈ సంగతి ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశారు.

"పిల్లలు మధ్యలో చదువు మానేయకూడదనే కదా ఈ పాఠం పెట్టాం," అన్నారు.

అవునన్నాను.

"ఇది పెట్టకముందు ఎవరూ మానలేదు," అన్నారు.

అదీ నిజమే. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే హాజరు చాలక ఆ అమ్మాయిని పరీక్షకు కూర్చోనివ్వరు. అప్పుడు అవ్వ మనసు మారినా లాభం లేదు. మీరే వెళ్ళి మాట్లాడండి, మీదీ తెలుగే కదా అన్నారాయన. ఆ తెలుగు వల్లే ఈ చిక్కు వచ్చింది అని నేను అనలేదు.

శనివారం గుడియాత్తం బస్టాండులో దిగాను. మోర్ధానా బస్సు రావడానికి సమయం ఉందని మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ బజ్జీల గురించి మళ్ళీ చెప్పవలసి వస్తుంది. బస్సు దింపిన చోటు నుంచి వాళ్ళింటికి కొబ్బరితోట పక్కనే దారి. నీడంతా తోటలో ఉంది, దారి బయట ఉంది. ఇల్లు చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

అవ్వ వసారాలో చింతకాయలు రాయితో కొట్టి గింజలు తీస్తోంది. అమ్మాయి వాళ్ళ నాయన ఒక పక్కన కూర్చుని, పొలంలో నీళ్ళు పెట్టే రబ్బరు పైపుకు అతుకు వేస్తున్నాడు.

"రా నాయనా. ఎవురు నువ్వు?" అంది అవ్వ.

"బిడ్డ చదివే కాలేజీలో సారునవ్వా. వేలూరు నుంచి వచ్చినాను."

"ఏం చెప్పే సారు?"

తప్పు ఇక్కడ చేశాను. కామర్సు అనవలసింది. "నలం క్లాసు సారు," అన్నాను.

అవ్వ చేతిలో రాయి ఆగింది. "ఓ, నలత సారువా నువ్వు! రేయ్, కుర్చీ నీడలోకి ఎయ్యిరా," అంది కొడుకుతో.

"నలత కాదవ్వా, నలం. తెలుగులో దాన్ని..." అని ఆగిపోయాను. తెలుగులో దాన్ని ఏమనాలి? శ్రేయస్సు ముగ్గయిపోయింది. క్షేమం ఉత్తరాల్లో తప్ప ఎవరి నోటా నేను వినలేదు. సుఖం అందామంటే, మీ అమ్మాయికి కాలేజీలో సుఖం నేర్పుతున్నామని తండ్రి ఎదుట చెప్పే ధైర్యం నాకు లేదు. "బాగుండేది," అన్నాను చివరికి.

"ఏది బాగుండేది?"

"మనిషవ్వా. మనిషి ఎట్ల బాగుండాల అనేది చెప్తాము."

"మా బిడ్డ బాగుండ్లేదని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదు. బాగుండాది."

"బాగుండే బిడ్డని ఆ క్లాసులో ఎందుకు కూర్చోబెట్టినారు?"

"అది చెప్పండి సార్," అన్నాడు నాయన, పైపులోంచి తలెత్తకుండా.

"అందర్నీ కూర్చోబెట్టినామప్పా."

"అందర్నీ అంట! వింటా ఉండావా రా?" అంది అవ్వ. వ్యవహారం నేను వచ్చినప్పటి కంటే ఘోరంగా తయారైంది.

అప్పుడే అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి లోపలి గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక గోడకు కాలేజీ సంచి వేలాడుతోంది. వారం రోజులుగా ఎవరూ ముట్టని సంచిలా లేదు. ఎవరో రోజూ తుడిచి మళ్ళీ తగిలిస్తున్నట్టుంది.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఈలోగా బజ్జీలు లోపల పని మొదలుపెట్టాయి. నుదుటి మీద చెమట, కళ్ళలో నీళ్ళు.

"అవునప్పా, ఈ నలత కంటే ముందు ఏం చెప్తా ఉంటివి?"

"కామర్సవ్వా. ఇప్పుడూ చెప్తా ఉండాను. గంటలు తగ్గినాయని ఇది కూడా ఇచ్చినారు."

"గంటలు తగ్గించినారా? ఎందుకు?"

"ఊరికేనే."

"ఊరికే ఎవురన్నా తగ్గిస్తారా? నీకు నిద్ర పడతా ఉండాదా?"

నేను పంపిన ప్రశ్న నా దగ్గరికే తిరిగి వచ్చింది. ఇలాంటి ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పాలని పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. "పేపర్లు దిద్దే దినాల్లో కొంచెం తక్కువేనవ్వా," అన్నాను.

"ఆకలి?"

"ఇప్పుడైతే లేదు."

"మనసులో భారం?"

ఫ్యాను వైపు చూస్తున్న ప్రిన్సిపాల్ ముఖం కళ్ళ ముందు మెదిలింది. "కొంచెం ఉండాది," అన్నాను.

అవ్వ రాయి కింద పెట్టేసింది.

"రేయ్! నలత బిడ్డకి కాదురా. ఈ సారుకి!"

నాయన మొదటిసారి పైపు వదిలి నన్ను పరిశీలనగా చూశాడు. "ఆమామ్మా. మొహంలోనే తెలస్తా ఉండాది," అన్నాడు.

"లెక్కల సారు చెప్తే లెక్కల క్లాసు. నలత సారు చెప్తే నలత క్లాసు. అంతే గదా! పాపం, బరువు పని చెయ్యలేడని ఊరికే మాట్లాడతా కూర్చోమన్నట్టు ఉండారు. ఈ పిల్ల తిన్నగా చెప్పి సచ్చిందా? నేను హడలిపోతిని."

ఇంత పకడ్బందీగా నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ అంచనా వెయ్యలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, "లేదవ్వా, నేను బాగా..." అని మొదలుపెట్టాను.

గుమ్మంలో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఒక్కసారే, చెంబులో నీళ్ళు కూడా కదలనంత మెల్లగా. క్లాసులో నేను చెప్పింది ఎవరికైనా అర్థమయిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆమె చెప్పింది మాత్రం నాకు వెంటనే అర్థమయింది. తెలుగులో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, వాక్యం చివరిదాకా మనసు మార్చుకోవచ్చు.

"నేను బాగా... లేనవ్వా," అన్నాను.

"యాడ నాయనా?"

"కడుపులో. మంట." బజ్జీల దయవల్ల ఇది అబద్ధం కాదు.

"అంటుకునేదా?"

"అంటుకోదవ్వా. నాకొక్కడికే."

అవ్వ నాలుక చప్పరించి, మనవరాలి వైపు తిరిగింది. "అట్లయితే సోమవారం నించి పో బిడ్డా. సారు మాట్లాడతా ఉంటే వినేదానికి మనిషి ఉండాల గదా, పాపం."

"సరి అవ్వా," అంది అమ్మాయి చాలా అణకువగా. చెంబు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. సంచి గోడ మీద నుంచి దిగిన చప్పుడు వసారాలోకి వినిపించింది.

సోమవారం ముందు బెంచీలో ఆమె ఉంది. బెంచీ మీద ఒక సీసా కూడా ఉంది.

"అవ్వ ఇచ్చింది సార్. కషాయం. క్లాసులోనే తాగాలంట. మీరు తాగింది నేను చూసి చెప్పాలంట."

శొంఠి, జీలకర్ర తెలిశాయి. మూడోది ఏమిటో అడగలేదు. నిలబడి తాగాను. క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసింది. మనిషి వికసించడం గురించి ఎంత చెప్పినా రాని శ్రద్ధ అది. అప్పటి నుంచి ప్రతి సోమవారం సీసా వస్తోంది, పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి వెనక నిలబడుతున్నారు. మీ క్లాసు ఇంత నిండుగా ఉంటోంది, ఏ పద్ధతి అని ప్రిన్సిపాల్ అడిగారు. ప్రయోగ పద్ధతి అన్నాను.

ఒక్కటే ఇబ్బంది. నాకు తగ్గిందంటే, ఇంక బిడ్డ ఆ క్లాసులో ఎందుకని అవ్వ అడుగుతుంది. ముదిరిందంటే, అంటుకునేదేమోనని మళ్ళీ మాన్పిస్తుంది. అందుకని ఏమాత్రం పెరగకుండా, ఏమాత్రం తగ్గకుండా నలతను నిలకడగా నడుపుకోవాలి. శిక్షణలో సమతుల్యం అన్నది దీన్నేననుకుంటాను.

మొన్న కషాయం అయ్యాక అమ్మాయి తన ఫోను నా చేతికిచ్చింది. అవతల అవ్వ.

"ఎట్లుండావు నాయనా?"

అమ్మాయి పుస్తకం తెరిచి చదువుతున్నట్టు కూర్చుంది. పేజీ మాత్రం తిప్పడం లేదు.

"అట్లనే ఉండానవ్వా."

"తగ్గతాదిలే. తొందరేముండాది?"

"తొందరేమీ లేదవ్వా," అన్నాను. అమ్మాయి డిగ్రీ పూర్తి కావడానికి ఇంకా చాలా సమయం ఉంది.