జనరల్ కారు

ఆత్మకూరు సమాధానం తాత రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యపు లారీ డ్రైవరు. 1995లో, యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిందని పేపర్లో ఒక జర్మన్ జనరల్ గురించి రాస్తే, మనవరాలు జెస్సికా చదివి వినిపించింది. ఎడారిలో ఊరి తర్వాత ఊరు గెలిచాడనీ, చివరికి ఓడి వెనక్కి పోయాడనీ ఉంది అందులో.

"ఆయన కారు బాగుచేసినాను నేను," అన్నాడు తాత. ఆ సంగతి ఇంట్లో అంతవరకూ ఎవరికీ తెలియదు.

లిబియాలో జర్మన్లకు పట్టుబడిన మూడోనాడు జనరల్ కారు ఆగిపోతే, సిపాయిలు తాతను దాని కిందికి తోశారు. పెట్రోలు పైపు ఇసుకతో పూడిపోయింది. పానా రెండుసార్లు జారింది. కారు కదలకపోతే కాల్చేస్తారనే అనుకున్నాడు. పక్కన జనరల్ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పైపును నోటితో ఊది బిగించాడు. ఇంజను అందుకుంది. జనరల్ ఎక్కి వెళ్లిపోయాడు.

"మంచోడా తాతా?"

"ఏమో పాపా. మొగం చూస్తే గదా! తలెత్తితే చంపుతాడనుకున్నా."

ఏడాదిన్నరకు ఆ సైన్యం పారిపోతూ ఖైదీలను వదిలేసింది. తాత ఇల్లు చేరి, ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు.

జెస్సికా పేపర్లోని ఫొటో చూపించబోయింది. తాత మొహం తిప్పుకున్నాడు.

"మడిచెయ్యి తల్లీ. ఇప్పుడు గూడా చూడలేను."