పెద్దన్న మాత్రలు

ఛీ, ఆ బస్సు డిపో తలుచుకుంటేనే నాకు రోత. అక్కడి మరుగుదొడ్డి గుమ్మం దాకా వెళ్లేసరికే వాంతి వస్తుంది. అందుకే మా ఆయన బస్సు నడిపినంతసేపూ ఉగ్గబట్టుకుని కూర్చుంటాడు. మంచినీళ్లు ముట్టడు. జేబు నిండా ఉప్పు దట్టించిన పల్లీలు. నిద్ర అంతంతమాత్రం. ఎవడైనా అడ్డొస్తే ఒంటికాలి మీద లేస్తాడు.

"ఒకసారి బీపీ చూపించుకోవయ్యా మహానుభావా" అంటే, "నాకేమైనా తల తిరుగుతోందా?" అంటాడు. తల తిరిగితేనే బీపీ అట! అది చాలామందికి పైకి తెలియకుండానే లోపల రక్తనాళాల్ని పాడుచేస్తుందని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినడు.

ఏడాదికోసారి డ్రైవర్లకి పరీక్ష. బీపీ ఎక్కువుంటే స్టీరింగ్ ఇవ్వరు. దానికి డిపోలో ఒక దిక్కుమాలిన ఆనవాయితీ. అందరూ పెద్దన్న అని పిలిచే పాత డ్రైవరు రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడు. పరీక్షకి ముందు వారం రోజులూ ఈ మొనగాళ్లంతా ఆయన మాత్రలు పంచుకుని మింగుతారు. పాసయ్యాక మళ్లీ ఏడాదిదాకా ఆ ఊసే ఉండదు.

ఈసారీ మా ఆయన అదే వెలగబెట్టి, మీసం మెలేసుకుంటూ ఇంటికొచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"సిగ్గు లేదూ? ఇంకొకరి మందు మింగి వచ్చి పాసయ్యానంటావా?"

"ఊరుకోవే. అడిగితే ఆయనెప్పుడూ కాదనడు."

నిజమే, కాదనలేదు. తనకి ఒక్క మాత్రా మిగల్లేదని కూడా ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే పెద్దన్న డిపోలో కుప్పకూలిపోయాడు.

ఆసుపత్రికి వెళ్లాం. కుడి చెయ్యి కదలడం లేదు, మూతి పక్కకి లాగేసింది. మందు ఆగిపోయి బీపీ పెరిగి, పక్షవాతం వచ్చిందని నర్సు చెప్పింది. మా ఆయన్ని చూడగానే పెద్దన్న ఎడమచేత్తో దిండు కింద తడిమి, కొత్త మాత్రల షీటు బయటికి తీశాడు.

"మ...ళ్లీ ప...రీక్షా?" అన్నాడు.

మొగుణ్ణి చూస్తే అంత అసహ్యం నాకెప్పుడూ వెయ్యలేదు. ఆయన ఆ షీటు ముట్టుకోలేదు. తిన్నగా నర్సు బల్ల దగ్గరికెళ్లి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ముందు మరుగుదొడ్డికి వెళ్లి రమ్మంది ఆవిడ. తర్వాత వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచమంది. మాట్లాడకుండా కాసేపు కూర్చోబెట్టి చూసింది. నూట ఎనభై, నూట పది. కాసేపాగి మళ్లీ చూసినా అంతే.

"పై అంకె గుండె రక్తాన్ని నెట్టేటప్పటి ఒత్తిడి, కింది అంకె గుండె సడలినప్పటిది. రెండూ ఎక్కువే. డాక్టరుగారిని చూడకుండా వెళ్లకండి" అంటూ చీటీ తీసింది. "ఇదివరకు మందులేమైనా వాడారా?"

మా ఆయన పెద్దన్న మంచం వైపు వేలు చూపించాడు.

"ఆయనవి."